సీలియాక్ ఉండి, పాలు కూడా పడనివాళ్లు మాత్రల్లో ఏం చూసుకోవాలి?

సీలియాక్ (గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) ఉందని బయాప్సీలో తేలింది, పాలు తాగితే కడుపు ఉబ్బరం, డాక్టరు రాసిన మాత్రల్లో గ్లూటెన్, లాక్టోజ్ ఉన్నాయో లేదో ఎలా కనుక్కోవాలి అని అడిగారు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకండి. లాక్టోజ్ (పాలలోని చక్కెర) అయితే ఎంత ఉందో చూడాలి. గ్లూటెన్ అయితే మాత్రలో కలిపిన పిండి ఏ గింజదో చూడాలి.

250 మి.లీ. పాలలో సుమారు 12 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. పాలు అరగని పెద్దవాళ్లలో చాలామంది ఒక్కసారికి అంతవరకూ పెద్ద బాధ లేకుండా తట్టుకుంటారు. మాత్రలో ఉండేది మామూలుగా అర గ్రాము లోపే. రోజుకి ఒకటి రెండు మాత్రలతో ఇబ్బంది రావడం అరుదు. ఏడెనిమిది మాత్రలు మింగేవాళ్లు మాత్రం మొత్తం కూడి చూసుకోవాలి. పైగా సీలియాక్ వల్ల పేగు లోపలి పొర దెబ్బతిని పాలు పడకపోతే, గోధుమ మానేసి పేగు కోలుకున్నాక చాలామందికి పాలు మళ్లీ పడతాయి. పాల ప్రోటీన్ అలర్జీ, గెలాక్టోసీమియా (గెలాక్టోజ్ అనే చక్కెరని ఒళ్లు వాడుకోలేని పుట్టుజబ్బు) ఉన్నవాళ్లకు ఈ లెక్కలేవీ వర్తించవు. వాళ్లు పొడి ఇన్‌హేలర్లు, లాక్టోజ్ కలిసిన మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఇంజెక్షన్ల విషయంలో కూడా డాక్టరుకి ముందే చెప్పాలి.

విరేచనాలకి వాడే లోపెరమైడ్ క్యాప్సూల్స్, వాంతులకి వాడే డాంపెరిడోన్, పేగు వాపు జబ్బులకి ఇచ్చే అజాథయోప్రిన్ మాత్రల్లో లాక్టోజ్ తరచుగా కనిపిస్తుంది. పేగు వాపుకే ఇచ్చే మెసలమైన్ అయితే ఒక కంపెనీ మాత్రలో ఉంటుంది, ఇంకో కంపెనీ దాంట్లో ఉండదు. మలబద్ధకానికి ఇచ్చే లాక్టులోజ్ సిరప్‌లో 15 మి.లీ.కి 1.2 గ్రాముల వరకు లాక్టోజ్, 1.6 గ్రాముల వరకు గెలాక్టోజ్ మిగిలి ఉండొచ్చు. అది పేగులో పులిసి గ్యాస్ కూడా చేస్తుంది. పడకపోతే పాలిఎథిలీన్ గ్లైకాల్ పొడి ఇవ్వొచ్చేమో డాక్టరుని అడగండి. మాత్ర వద్దని సిరప్‌కి మారేవాళ్లు సార్బిటాల్ ఉందేమో చూడాలి. షుగర్ ఫ్రీ సిరప్‌లు, కొన్ని యాంటాసిడ్ జెల్‌లు దానితోనే తియ్యగా ఉంటాయి. ఐబీఎస్ (పేగు అతి సున్నితంగా ఉండి కడుపునొప్పి, ఉబ్బరం తెచ్చే సమస్య) ఉన్నవాళ్లకి మాత్రలోని కాస్త లాక్టోజ్ కంటే అదే ఎక్కువ బాధ పెడుతుంది. మెగ్నీషియం స్టియరేట్, కాల్షియం లాక్టేట్ పేర్లు చూసి కంగారు పడకండి, అవి లాక్టోజ్ కావు.

ఇక గ్లూటెన్. మాత్రల్లో వాడే స్టార్చ్ ఎక్కువగా మొక్కజొన్నది, సోడియం స్టార్చ్ గ్లైకోలేట్ ఎక్కువగా బంగాళాదుంపది. ఒకవేళ గోధుమ స్టార్చ్ వాడినా ఒక్కో మాత్రలో గ్లూటెన్ 0.5 మి.గ్రా. దాటదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017 ముసాయిదాలో అంచనా వేసింది. సీలియాక్ ఉన్నవాళ్లకి రోజు మొత్తానికి 10 మి.గ్రా. లోపు అన్నది సాధారణంగా చెప్పే హద్దు. నిజానికి నాకు భయం ఈ మాత్రలతో కాదు, అరుగుదలకని ఇంట్లో వాడే చూర్ణాలతో. మన దగ్గర దొరికే ఇంగువ చాలావరకు కలిపిన సరుకు. బంక, పిండి కలిపి తయారుచేస్తారు, ఆ పిండి తరచుగా గోధుమదే. హింగ్వాష్టక చూర్ణం, ఇంగువ గోళీలు, చారులో వేసే ఇంగువ, మూడూ చూసుకోవాలి. బియ్యప్పిండితో చేసిందని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి. బార్లీ మాల్ట్ కలిసిన టానిక్కులు వద్దు.

మన స్ట్రిప్పు మీద సాధారణంగా అసలు మందు పరిమాణం, రంగు రాసి, మిగతాదంతా ‘ఎక్సిపియెంట్స్ క్యూ.ఎస్.’ (మందు కాని కలుపుడు పదార్థాలు తగినంత) అని ముగిస్తారు. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్లకి తప్పనిసరి చేసిన క్యూఆర్ కోడ్‌లో కూడా బ్యాచ్, గడువు, లైసెన్సు లాంటివే అప్పట్లో అడిగారు గానీ ఈ వివరం అడగలేదు. మెడికల్ షాపులో స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేస్తారు, పెద్ద పెట్టెలో మడతపెట్టిన కాగితం ఉంటే అడిగి ఫొటో తీసుకోండి. అందులో లేకపోతే కంపెనీకి మెయిల్ పెట్టండి. పేరు, మోతాదు, బ్యాచ్ నంబరు రాయండి. అమ్మే కంపెనీ, తయారుచేసే కంపెనీ వేరైతే రెండు పేర్లూ రాయండి. ‘గ్లూటెన్ ఫ్రీయేనా’ అని అడిగితే ఏదో తప్పించుకునే జవాబు వస్తుంది. నా అనుభవంలో ఇలా అడిగితే పని జరుగుతుంది: ‘మాత్రకి లాక్టోజ్ ఎన్ని మిల్లీగ్రాములు? స్టార్చ్, మాల్టోడెక్స్‌ట్రిన్ దేని నుంచి తీసినవి?’ జవాబు తేదీతో దాచుకోండి, ఫార్ములా మారొచ్చు. బ్రిటన్, అమెరికా వెబ్‌సైట్లలో పదార్థాల జాబితా పూర్తిగా ఉంటుంది గానీ, అదే పేరుతో ఇక్కడ అమ్మే మాత్ర ఫార్ములా వేరుగా ఉండొచ్చు.

జవాబు వచ్చేదాకా మెసలమైన్, అజాథయోప్రిన్ లాంటివి మీ అంతట మీరు ఆపకండి. సీలియాక్‌తో పాటు థైరాయిడ్ కూడా ఉండి, లాక్టోజ్ లేని థైరాయిడ్ మాత్రకి మారితే, ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి. బ్రాండు మారినా, పేగు కోలుకున్నా మోతాదు సరిచేయాల్సి రావచ్చు.