స్పా మోటారు ఫోన్‌లోంచి ఆన్ చేస్తున్నారా? ముందు ఇది చదవండి

ప్రశ్న: నల్లగండ్లలో మాకు విల్లా ఉంది. వెనకవైపు చిన్న స్విమ్మింగ్ పూల్, దాన్ని ఆనుకుని నలుగురు కూర్చునే స్పా, అంటే వేడినీళ్ల తొట్టి. పూల్ కట్టినవాళ్లు ఆటోమేషన్‌కు 4 లక్షలు అడిగారు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఈఎస్‌పీ32 అనే వైఫై బోర్డు, అది చెప్పినట్టు కరెంటును ఆన్, ఆఫ్ చేసే రిలేలు, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు కొని, హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌తో నేనే చేసుకున్నాను. మోటారు, స్పా హీటర్, లైట్లు, క్లోరిన్, యాసిడ్ వేసే డోసింగ్ పంపులు అన్నీ ఇప్పుడు ఫోన్‌లోంచే నడుస్తున్నాయి. మోటారు కంట్రోలర్‌లోంచి వైరు మీద వచ్చే ఆదేశాలు (ఆర్ఎస్-485 సిగ్నల్స్) ఏమిటో కనిపెట్టి నా కోడ్‌లో పెట్టుకున్నాను. సర్వీసుకు వచ్చినతను చూసి 'వారంటీ పోయింది, కంపెనీ కేసు కూడా వేస్తుంది' అన్నాడు. 'ఎవరికైనా షాక్ కొడితే నువ్వు జైలుకే' అని మా బామ్మర్ది టెన్షన్ పెడుతున్నాడు. పక్క విల్లాలవాళ్లు డబ్బులిస్తాం, మాకూ చేసిపెట్టమంటున్నారు. మా వాచ్‌మన్ కొడుక్కి ఏడేళ్లు, వాడూ అక్కడే తిరుగుతుంటాడు. నేను చేసింది చట్టవిరుద్ధమా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరం చివర్లో మాటవరసకు రాసినట్టున్న వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. వాచ్‌మన్ కొడుక్కి ఏడేళ్లు అన్నారు. వారంటీ గురించి, కంపెనీ కేసు గురించి తర్వాత చెబుతాను. ముందు ఆ పిల్లాడి సంగతి.

సంపు మోటారుకు ఆటోమేటిక్ పెట్టుకోవడం హైదరాబాద్‌లో ఇంటింటా ఉన్నదే. పూల్ మోటారుకు పెట్టడం కూడా అలాంటిదేనని మీకు అనిపించి ఉంటుంది. కానీ సంపులో ఎవరూ కూర్చోరు. ఇదివరకు స్పా ఆన్ చేయాలంటే ఒక మనిషి పంప్‌రూమ్ దాకా నడవాలి. దారిలో నీళ్లలో ఎవరున్నారో అతని కంట పడుతుంది. ఇప్పుడు మీరు గచ్చిబౌలిలో ఆఫీసు కుర్చీలోంచి వేలితో నొక్కుతున్నారు. లేదంటే సాయంత్రం ఆరింటికి దానంతటదే ఆన్ అవుతోంది. నడిచి వెళ్లి చూసే ఆ చూపును మీరు తీసేశారు. దాని స్థానంలో ఏం పెట్టారన్నదే రేపు ఏ కోర్టయినా మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న.

భయపెట్టడానికి చెప్పడం లేదు. 2002లో అమెరికాలో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే పాప స్పా అడుగున మోటారు నీళ్లు లాగే రంధ్రానికి, అంటే డ్రెయిన్‌కు అతుక్కుపోయింది. ఆ పాపకూ ఏడేళ్లే. ఆ దేశ మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు. మోటారు నీటిని లాగే బలానికి తల్లి ఎంత గుంజినా పిల్ల రాలేదు. చివరికి ఇద్దరు మగవాళ్లు లాగితే డ్రెయిన్ మూత విరిగి బయటికి వచ్చింది, కానీ అప్పటికే ప్రాణం పోయింది. 2007లో ఆ పాప పేరు మీదే అక్కడ చట్టం చేశారు. మనిషి ఒళ్లు అతుక్కోని రకం డ్రెయిన్ మూతలు తప్పనిసరి అయ్యాయి. ఆ చట్టం మనకు వర్తించదు. అయినా లోకానికి ఇంతగా తెలిసిన ప్రమాదం గురించి 'ఊహించలేకపోయాను' అంటే మన కోర్టులోనూ ఆ మాట నిలవదు. పైగా మీరు ఇంజినీరు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం, నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే సెక్షన్ 106(1) కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లో ఇది రెండేళ్లే. తీవ్రమైన గాయమైతే సెక్షన్ 125 కింద మూడేళ్ల దాకా. సెక్షన్ 289 గురించి చాలామందికి తెలియదు. మన అధీనంలో ఉన్న యంత్రం వల్ల మనుషులకు అపాయం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే, ఎవరికీ దెబ్బ తగలకపోయినా అది నేరమే. ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కాబట్టి మీ బామ్మర్ది మాటను తోసిపుచ్చలేను. అయితే షాక్ కొట్టిన ప్రతి కేసూ జైలుకే దారితీయదు. క్రిమినల్ కేసులో నిర్లక్ష్యం చాలా ఎక్కువ స్థాయిలో ఉందని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. నష్టపరిహారం దావాలో అంత అక్కర్లేదు, మామూలు అజాగ్రత్త చాలు. 'పిల్లాడే చెప్పకుండా దిగాడు' అని చిన్నపిల్లల మీదికి తోసే వాదన కోర్టుల దగ్గర సాధారణంగా చెల్లదు. నీళ్లు పిల్లల్ని పిలుస్తాయని పెద్దవాళ్లందరికీ తెలుసు కదా.

అందుకే స్పా మోటారును దూరం నుంచి ఆన్ చేసే వీలు ఇవాళే తీసేయండి. ఆఫ్ చేయడం మాత్రం ఎక్కడి నుంచైనా ఉంచుకోండి. ఆన్ చేయాలంటే స్పా పక్కన నిలబడి, నీళ్లు కనిపించేచోట బటన్ నొక్కాలి. అక్కడే ఎర్రటి ఎమర్జెన్సీ స్టాప్ స్విచ్ ఒకటి బిగించండి. అది మీ బోర్డుతో, వైఫైతో పని లేకుండా నేరుగా కరెంటు తెంచేలా ఉండాలి. డ్రెయిన్ ఒక్కటే ఉంటే రెండోది పెట్టించండి. చుట్టూ కంచె, తనంతట తాను మూసుకునే గేటు, పిల్లాడికి అందని గడియ కావాలి. వాచ్‌మన్ దంపతుల్ని కూర్చోబెట్టి ఏ బటన్ ఏమిటో చూపించండి. వాళ్ల బిడ్డ గురించి వాళ్లకు చెప్పడం కాగితం మీద సంతకాల కన్నా ముందు చేయాల్సిన పని.

ఇక కరెంటు. కోడ్ రాసుకోవడానికి, 5 వోల్టుల బోర్డు నడుపుకోవడానికి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు. కానీ 230 వోల్టుల వైరింగ్‌ను మార్చడం వేరే సంగతి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు లాంటివి ఉన్నదానికి ఉన్నట్టుగా మార్చుకోవడం వరకు మన ఇష్టం. అంతకుమించి వైరింగ్ చేర్చినా, మార్చినా రాష్ట్ర ప్రభుత్వం లైసెన్స్ ఇచ్చిన ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు ద్వారానే, అర్హత పత్రం ఉన్న సూపర్‌వైజర్ కళ్లముందే జరగాలి. మోటారు లైన్‌లో మీరే రిలే పెట్టడం, హీటరుకు కొత్త వైరు లాగడం ఈ రెండో కోవలోకి వస్తాయి. మీరు చట్టం దాటింది ఇక్కడే. సరిదిద్దుకోవడానికి ఇంకా సమయం ఉంది.

కొన్నేళ్ల కిందట ఒక నష్టపరిహారం దావా కోసం శంకర్‌పల్లి వైపు ఒక ఫామ్‌హౌస్ పంప్‌రూమ్ చూశాను. రిలే బోర్డు ప్లాస్టిక్ మిఠాయి డబ్బాలో ఉంది. స్క్రూడ్రైవర్ కాల్చి మూతకు బొక్కలు పెట్టారు. కిందనే క్లోరిన్ డ్రమ్ము. ఆ ఆవిరికి రాగి తీగలన్నీ పచ్చబారిపోయాయి. రిలే లోపలి కాంటాక్టులు కాలి ఒకదానికొకటి అతుక్కుపోయాయి, అందుకే ఫోన్‌లో 'ఆఫ్' అని చూపిస్తున్నా మోటారు తిరుగుతూనే ఉంది. ఎర్త్ వైరు గోడమీదుగా దిగి, సున్నం వేసినచోట తెగి ఉంది. పూల్ కడుగుతున్న కుర్రాడికి షాక్ కొట్టింది, అదృష్టం బాగుండి బతికాడు. ఆ వైరింగ్ ఎవరు చేశారని అడిగితే యజమాని దగ్గర ఒక్క కాగితం లేదు. దావా నడపడానికి ఆయన తరఫున మాకు ఏ ఆధారమూ మిగల్లేదు, రాజీకి రావాల్సి వచ్చింది.

మీ ఇంట్లో ఈ పరిస్థితి రాకూడదు. లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ని పిలిచి 230 వోల్టుల భాగమంతా మళ్లీ చేయించండి. మోటారును చిన్న రిలే మీద నేరుగా నడపకుండా, పెద్ద కరెంటును తట్టుకునే కాంటాక్టర్ అనే స్విచ్చు పెట్టించండి. పూల్ లైన్‌కు విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే తెంచే బ్రేకరు ఉండాలి. నీళ్లలో ఉండే లైట్లు 12 వోల్టులవే వాడాలి. నిచ్చెన, రెయిలింగ్, మోటారు బాడీ, పూల్ లోపలి ఇనుము అన్నీ ఒకదానికొకటి కలిపి ఎర్త్ చేయాలి. హీటరుకు నీటి ప్రవాహం ఆగితే ఆపే స్విచ్, వేడి హద్దు దాటితే ఆపే స్విచ్ రెండూ వైరుతోనే బిగించి ఉండాలి, వాటిని మీ కోడ్‌కు వదిలేయకండి. స్పా నీళ్లు 40 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. పని అయ్యాక ఇన్సులేషన్, ఎర్త్ రీడింగులతో కాంట్రాక్టరు సంతకం పెట్టిన టెస్ట్ రిపోర్టు, లైసెన్స్ నంబరుతో బిల్లు తీసుకుని ఫొటోలతో కలిపి దాచుకోండి. మీరు జాగ్రత్త తీసుకున్నారని చూపించేవి అవే.

హీటరు చేర్చారు కాబట్టి మీ మీటరు మంజూరు లోడు ఎంతో కూడా చూసుకోండి. సరిపోకపోతే మీ విద్యుత్ పంపిణీ సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్‌కు దరఖాస్తు చేసి అదనపు లోడు తీసుకోండి. ఇంటి కనెక్షన్ మీద ఆ పూల్‌ను పార్టీలకు అద్దెకివ్వడం లాంటివి చేయకండి. అది విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 126 కింద అనధికార వాడకం అవుతుంది, రెట్టింపు రేటుతో బిల్లు వేస్తారు.

డోసింగ్ పంపుల గురించి మీరు ఒక్క మాటతో సరిపెట్టారు కానీ నాకు కరెంటు తర్వాత అంత భయం వీటితోనే. క్లోరిన్, యాసిడ్ కలిస్తే విషవాయువు పుడుతుంది. మెయిన్ మోటారు ఆగి డోసింగ్ పంపులు మాత్రం తిరుగుతూ ఉంటే రెండూ పైపులోనే కలుస్తాయి. మోటారు మళ్లీ ఆన్ అయిన క్షణాన ఆ గ్యాసంతా నీళ్లలో ఉన్నవాళ్ల ముఖం మీదికి వస్తుంది. పైపులో నీళ్లు పారుతుంటే తప్ప డోసింగ్ పంపుకు కరెంటే అందకుండా వైరింగ్ చేయించండి. విషపదార్థాల విషయంలో అజాగ్రత్తకు న్యాయ సంహితలో సెక్షన్ 286 ఉంది. యాసిడ్ కొనేటప్పుడు గుర్తింపు కార్డు చూపించి, షాపు రిజిస్టరులో రాయించి కొనండి. 2013లో యాసిడ్ దాడి బాధితురాలు లక్ష్మి వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల వల్ల వచ్చిన పద్ధతి ఇది. క్లోరిన్, యాసిడ్ డబ్బాలు రెండూ ఒకేచోట పెట్టకండి.

సర్వీసు అతని బెదిరింపు విషయం త్వరగా తేలుతుంది. మీరు డబ్బు పెట్టి కొన్న మోటారు, మీ ఇంటి వైర్ల మీద ఏం మాట్లాడుకుంటోందో వినడం నేరం కాదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)లో (ఏబీ), (ఏసీ) క్లాజులు ఇందుకు వీలిస్తాయి. మీరు సొంతంగా రాసిన ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌తో కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారం, బయట సులువుగా దొరకనప్పుడు, న్యాయబద్ధంగా మీ దగ్గరున్న వస్తువులోంచి తెలుసుకోవచ్చు. అది ఎలా పనిచేస్తుందో గమనించవచ్చు, పరీక్షించవచ్చు. కంట్రోలర్ లోపలుండే కంపెనీ ప్రోగ్రామ్‌ (ఫర్మ్‌వేర్)ను మొత్తంగా కాపీ చేసి ఇంకొకరికి ఇవ్వడం మాత్రం వేరు. వాళ్ల క్లౌడ్ సర్వర్‌లోకి అనుమతి లేకుండా చొరబడితే ఐటీ చట్టం సెక్షన్ 43, 66 వర్తిస్తాయి. మీ ఉత్తరాన్ని బట్టి మీరు ఈ రెండూ చేయలేదు.

వారంటీ సంగతి కార్డు మీద ఏం రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. సీలు విప్పకుండా బయటి టెర్మినల్స్‌కే తగిలించి ఉంటే, మీ పనికి సంబంధం లేని లోపానికి కూడా వారంటీ ఇవ్వబోమని కంపెనీ అన్నప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. రెండేళ్లలోపు వెళ్లాలి. ముందు ఆ తిరస్కరణ ఏదో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. సర్వీసుకు వచ్చినవాళ్ల నోటిమాట మీద ఏదీ నడవదు.

నీళ్లలో ఎవరున్నారో చూడటానికి కెమెరా పెడదామని మీకు తప్పకుండా తోస్తుంది. పెట్టండి. కానీ బట్టలు మార్చుకునే చోటు, షవర్ అందులో పడకూడదు. కెమెరా ఉందని బోర్డు ఉండాలి, అతిథులకు ముందే చెప్పాలి. లేకపోతే ఒకరి ఏకాంతాన్ని చాటుగా చూడటం, చిత్రీకరించడం గురించిన ఐటీ చట్టం 66ఈ, న్యాయ సంహిత 77 సెక్షన్లు మీ మెడకు చుట్టుకుంటాయి.

పక్క విల్లాలవాళ్లకు చేసిపెట్టే విషయంలో మాత్రం నా సలహా వద్దనే. విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మినవారిని కూడా వినియోగదారుల రక్షణ చట్టం 2019 తయారీదారుగానే చూస్తుంది. లోపం వల్ల వాళ్లింట్లో ఎవరికైనా హాని జరిగితే ఉత్పత్తి బాధ్యత కింద పరిహారం మీరే కట్టాలి. డబ్బు తీసుకోకపోయినా నిర్లక్ష్యం దావా తప్పదు. పైగా లైసెన్స్ లేకుండా ఇతరుల ఇంట్లో వైరింగ్ ముట్టుకున్నట్టవుతుంది. అడిగినవాళ్లకు మీ కోడ్ చూపించండి, మీరు పిలిచిన లైసెన్స్ కాంట్రాక్టరు నంబరు ఇవ్వండి, వాళ్ల పని వాళ్లనే అతనితో చేయించుకోమనండి.

కాంట్రాక్టరు వచ్చి చూసేదాకా స్పా మెయిన్ స్విచ్ ఆపి తాళం వేసి ఉంచండి. తాళంచెవి మీ దగ్గరే ఉండాలి.