టెక్ సందేహాలు: డ్రిల్లుకి బ్రష్ తగిలించి అల్లాయ్ వీల్స్ రుద్దొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. కారుకి డైమండ్ కట్ అల్లాయ్ వీల్స్ ఉన్నాయి, ఇంట్లో 12 వోల్టుల బ్యాటరీ డ్రిల్లు ఉంది. ఆన్‌లైన్‌లో డ్రిల్ బ్రష్ సెట్లు తెలుపు, పసుపు, ఎరుపు అని రంగురంగుల్లో కనిపిస్తున్నాయి. వీల్స్ కడగడానికి ఏ రంగు తీసుకోవాలి?

జవాబు: కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేస్తా. ఆ సెట్లలో చాలా బ్రష్‌లు బాత్రూమ్ టైల్స్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. టైరు పక్కలకి, రబ్బరు మ్యాట్లకి, చక్రం పైనుండే ప్లాస్టిక్ ఆర్చ్ లోపలికి భేషుగ్గా పనికొస్తాయి, చెయ్యి నొప్పి కూడా తప్పుతుంది. మీ రిమ్ము ముఖం మీద మాత్రం డ్రిల్లు పెట్టొద్దు, ఏ రంగైనా సరే.

ఎందుకంటే డైమండ్ కట్ అంటే రిమ్ముని లేత్ మీద తిప్పుతూ పైన అల్యూమినియాన్ని సన్నగా చెక్కి మెరుపు తెప్పిస్తారు, ఆ మెరుపు మీద రంగేమీ ఉండదు, పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్ ఒక్కటే దానికి కాపలా. ఆ పూత మీద లోతుగా గీత పడితే తడి లోపలికి దిగుతుంది, కొన్నాళ్లకి పూత కింద తెల్లటి పురుగులు పాకినట్టు చారలు మొదలవుతాయి. ఒకసారి అవి వచ్చాక షాంపూకి పోవు, పాలిష్‌కి పోవు. పూత మొత్తం తీసేసి మళ్లీ లేత్‌కి ఎక్కించాల్సిందే, అలా ఎన్నిసార్లయినా చెక్కించుకుందామంటే అంత లోహం ఉండదు.

ఇక రంగుల సంగతి. తెలుపు మెత్తన, పసుపు మధ్యరకం, ఎరుపు గట్టి, నలుపు మరీ గట్టి అని చాలామంది అమ్ముతున్నారు గానీ అందరూ పాటించే కొలత అంటూ ఏదీ లేదు, ఒకరి పసుపు ఇంకొకరి ఎరుపంత గట్టిగా ఉండొచ్చు. అందుకని రంగు చూసి కాకుండా పరీక్షించి వాడండి. ఇంట్లో మూలనపడిన పాత సీడీ ఒకటి తీయండి. మెరిసే వైపు షాంపూ నీళ్లు పోసి, బ్రష్‌ని డ్రిల్లుకి తగిలించి నిదానంగా కాసేపు తిప్పి, కడిగి, తుడిచి, ట్యూబ్‌లైట్ కింద వాలుగా పట్టి చూడండి. సీడీ ప్లాస్టిక్ క్లియర్ కోట్ కంటే మెత్తన, కాబట్టి దాని మీద కూడా గీతలు పడలేదంటే ఆ బ్రష్ మామూలు పెయింట్ వేసిన రిమ్ములకి పర్వాలేదు. మసకబారిపోయిందా, అది టైరుకే.

ఇంకో విషయం, గీతలు పెట్టేది చాలాసార్లు బ్రష్ పోగులు కావు, పోగుల మధ్య ఇరుక్కున్న మట్టి. మన ఎర్రమట్టిలో ఇసుక రేణువులు దండిగా ఉంటాయి, ఆ ఇసుక క్లియర్ కోట్ కంటే చాలా గట్టిది. దాన్ని నీళ్లతో బాగా కొట్టి దించకుండా డ్రిల్లు పెట్టారంటే రిమ్ముకి ఉప్పుకాగితం పట్టినట్టే. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి వేరే రకం, అది బంకలా పట్టి ఎండి పెచ్చుకడుతుంది, దాన్ని రుద్దకూడదు, తడిపి నానబెట్టాలి, నానితే అదే ఊడుతుంది. టైరుకి వాడిన బ్రష్‌ని మళ్లీ రిమ్ము దగ్గరికి తేకండి.

మరి రిమ్ము మీద పట్టే ఆ గోధుమరంగు మరక ఎలా పోవాలి అంటారా? అది బ్రేక్ పొడి. ప్యాడ్ అరిగి, డిస్కు అరిగి, ఆ ఇనుప రజను వేడివేడిగా వచ్చి పూతకి కరుచుకుంటుంది. దీనికి ఐరన్ రిమూవర్ అని స్ప్రే దొరుకుతుంది, కొట్టిన కాసేపటికి ఇనుము తగిలిన చోటల్లా వంకాయరంగుకి తిరిగి కారుతుంది. కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, అది దాని గుణం, పాడైపోయిన సీసా అనుకుని తిరిగి పంపకండి. చక్రం చల్లబడ్డాక, నీడలో కొట్టాలి, ఎండిపోనివ్వకుండా కడిగేయాలి. అనంతపురం ఎండల్లో పొద్దున్నే పెట్టుకుంటే మేలు. ఈ స్ప్రే, ఒక మెత్తటి చేతి బ్రష్, షాంపూ బకెట్ ఉంటే రిమ్ము ముఖానికి డ్రిల్లుతో పనే లేదు. కొన్ని వాటర్ సర్వీసింగ్ షెడ్లలో యాసిడ్ కొట్టి తళతళలాడిస్తారు, దానికి మాత్రం ఒప్పుకోకండి, అల్యూమినియాన్ని తినేస్తుంది.

అయినా కొనాలనే ఉంటే టైరుకి ఒక 4 అంగుళాల చదునుది, రిమ్ము లోపలి గోడకి ఒక మెత్తటి కోను ఆకారంది చాలు, పదిరకాల సెట్టు దండగ. కాడ షడ్భుజంగా, పావు అంగుళం ఉంటే మీ డ్రిల్లు చక్కులో, అంటే బిట్టుని బిగించే నోట్లో, పట్టేస్తుంది. రాగానే తగిలించి ఉత్తినే తిప్పి చూడండి, వంకరగా ఊగితే వెనక్కి పంపేయండి. మెలితిప్పిన తీగకి పోగులు గుచ్చిన రకం వద్దు, ఆ తీగ కొస రిమ్ముని గీరేస్తుంది. డ్రిల్లు మీది గేరు మీటని 1లో పెట్టండి, ట్రిగ్గర్ సగమే నొక్కండి. గాలి వాల్వు దగ్గరకి, బ్యాలెన్సింగ్ అప్పుడు రిమ్ము లోపల అంటించిన బరువుల దగ్గరకి పోవద్దు. బరువు ఒకటి ఊడిందంటే హైవే ఎక్కి వేగం అందుకోగానే స్టీరింగ్ వణుకుతుంది, జనం ఇంజిన్‌లో ఏదో అయిందని మెకానిక్ దగ్గరికి పరిగెత్తుతారు.

ప్రశ్న: కర్నూలు నుంచి. మా అన్న దగ్గర గోడలకి రంధ్రాలు వేసే కరెంటు డ్రిల్లు ఉంది. బ్రష్ దానికే తగిలిస్తే సరిపోదా? బ్యాటరీది మళ్లీ కొనాలంటే ఖర్చు కదా.

జవాబు: వద్దు బాస్. నీళ్లు, ఇనుము, కరెంటు వైరు మూడూ ఒకచోట పెట్టి, తడి బండల మీద చెప్పుల్లేకుండా కూర్చుని చేసే పనా ఇది? ఆ డ్రిల్లుకి పక్కన గాలి కన్నాలుంటాయి, బ్రష్ చిమ్మే నీళ్లు నేరుగా అందులోకే పోతాయి. ఇంట్లో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ స్విచ్ ఉన్నా సరే, అది ప్రమాదం జరిగినప్పుడు కాపాడ్డానికి, ధైర్యం చేయడానికి కాదు.

వేగం కూడా చూడండి. ఆ డ్రిల్లులు నిమిషానికి 2800 చుట్ల దాకా తిరుగుతాయి. 10 సెంటీమీటర్ల బ్రష్ ఆ వేగంతో తిరిగితే అంచు దగ్గర గంటకి 50 కిలోమీటర్ల పైమాటే. అదే బ్యాటరీ డ్రిల్లు మొదటి గేరులో 400 చుట్లంటే 8 కిలోమీటర్లు కూడా ఉండదు. బురద మొహానికి చిమ్మడం దగ్గర్నుంచి ప్లాస్టిక్ వేడెక్కి పోగులు వంగిపోవడం దాకా అన్నీ వేగంతో వచ్చే తిప్పలే. ఇక గోడకి సుత్తిలా కొట్టుకుంటూ తిరిగే హ్యామర్ మీట పొరపాటున ఆన్‌లో ఉంటే చెప్పక్కర్లేదు. ఇనుము కోసే యాంగిల్ గ్రైండర్‌కి బ్రష్ బిగించే మహానుభావులు కూడా ఉన్నారు, దాని వేగం నిమిషానికి 11,000 చుట్లు, ఆ బ్రష్ అందుకోసం పుట్టలేదు, ముక్కలై ఎగురుతుంది. అన్న దగ్గరున్న డ్రిల్లు గోడలకే ఉంచండి, మీకు ఒక చేతి బ్రష్, ఓ అరగంట ఓపిక చాలు. బ్యాటరీ డ్రిల్లయినా నీళ్లలో ముంచేది కాదు, పైపు దాని వైపు తిప్పకండి, కళ్లజోడు పెట్టుకోండి.

ప్రశ్న: ఎర్రగుంట్ల దగ్గర ఉద్యోగం, రోజూ సిమెంటు లారీల వెనకే ప్రయాణం. చక్రాల మీద బూడిదరంగు పొర గట్టిపడిపోయింది, డ్రిల్ బ్రష్‌తో ఊడుతుందా?

జవాబు: ఊడుతుంది, దాంతోపాటు పూత కూడా. సిమెంటు ధూళి మామూలు మట్టి కాదు, మంచు పడినా తుంపర పడినా అక్కడికక్కడే గడ్డకడుతుంది. కాబట్టి కొత్తగా పడినదాన్ని తడిగుడ్డతో తుడవకండి, ముందు పొడిగా గాలితో ఊదించి, తర్వాత ఒకేసారి ధారాళంగా నీళ్లు కొట్టండి. ఇప్పటికే గట్టిపడిన దానికి తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డ తడిపి రెండు మూడు నిమిషాలు అద్ది పెట్టండి, మెత్తబడ్డాక చేత్తో తుడిచి వెంటనే కడిగేయండి. ఒక్క రోజులో మొత్తం పోదు, వారం వారం కొంచెం కొంచెం. పూత లేని, ఉత్త పాలిష్ అల్యూమినియం రిమ్ములైతే వెనిగర్ జోలికి పోవద్దు. కడిగాక అక్కడి బోరు నీళ్లని ఎండలో ఆరనిస్తే సున్నం చుక్కలు మిగులుతాయి, మైక్రోఫైబర్ గుడ్డతో తడి పూర్తిగా తీసేయండి.

ప్రశ్న: కడప నుంచి. బైకు చైన్ శుభ్రం చేయడానికి చిన్న డ్రిల్ బ్రష్ వాడొచ్చా?

జవాబు: వాడొచ్చు గానీ అవసరం కనబడదు. ఓ-రింగ్ చైన్ అయితే లింకుల మధ్య సన్నటి రబ్బరు రింగులుంటాయి, గట్టి బ్రష్ వాటిని చింపేస్తుంది, లోపలి గ్రీజు పోయి చైన్ త్వరగా సాగుతుంది. చైన్ క్లీనర్ కొట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దితే చాలు. ఏం వాడినా ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ చేయండి. ఇంజిన్ ఆన్ చేసి గేరులో వేసి చైన్ దానంతటదే తిరుగుతుంటే గుడ్డ పట్టుకునేవాళ్లు ఉన్నారు, గుడ్డ స్ప్రాకెట్‌లో ఇరుక్కుందంటే వేళ్లు కూడా పోతాయి.