బ్రాకెట్ ముందు మైనస్: జవాబు 0 ఎందుకొస్తున్నది

అన్నా, 7 − 2(ఎక్స్ − 3) = 1 లెక్కలో పాపకు 0 వస్తున్నది, పుస్తకంలో 6 ఉన్నదన్నరు. పుస్తకమే కరెక్టు.

పాప బ్రాకెట్ విప్పి 7 − 2ఎక్స్ − 6 అని రాసి ఉంటది. అక్కడే తప్పింది. బయట ఉన్నది 2 కాదు, −2. విభాగ న్యాయం ప్రకారం అది లోపలి రెండింటినీ గుణించాలె: −2 × ఎక్స్ = −2ఎక్స్, −2 × −3 = +6. అప్పుడు 13 − 2ఎక్స్ = 1.

రెండు వైపులా 13 తీసేస్తే −2ఎక్స్ = −12. ఇక్కడ ఇంకో గుంత ఉంది. "అటు పోతే గుర్తు మారుతది" అని బట్టీ పట్టిన పిల్లలు −12కు 2 కలిపి −10 అంటరు. −2 ఇక్కడ ఎక్స్‌ను గుణిస్తున్నది, కాబట్టి రెండు వైపులా −2తో భాగించాలె. ఎక్స్ = 6.

ముందే 7లోంచి 2 తీసేసి 5(ఎక్స్ − 3) అనడం కూడా తప్పే, గుణకారం ముందు.

నల్లగొండ బత్తాయిలతో చెప్పి చూడండి: 3 కిలోలు, సంచికి 20, మొత్తం 200. 3ఎక్స్ + 20 = 200, కిలో 60. పిల్లలు సంచి డబ్బులు ముందు తీసేసి, తర్వాతే 3తో భాగిస్తరు.

ప్రతిసారీ జవాబును మొదటి సమీకరణంలో పెట్టించండి. 0 పెడితే 13 వస్తది, 6 పెడితే 1.