పులి దారి: పటంలో ఒకటి, నేల మీద ఒకటి

ప్రశ్న: నేపాల్‌లోని బర్దియా అడవికీ ఉత్తరప్రదేశ్‌లోని కతర్నియాఘాట్‌కీ మధ్య ఖాతా కారిడార్ (రెండు అడవుల్ని కలిపే జంతువుల దారి) ఉంది. పటంలో గీసిన దారినే పులులు నడుస్తున్నాయని ఎలా తేలుస్తారు?

జవాబు: పటంలో ఉండేది అంచనా. పొదలు, పొలాలు, ఊళ్లు, రోడ్లు... దేన్ని దాటడం ఎంత కష్టమో మనం మార్కులు వేస్తాం, కష్టం తక్కువున్న దారిని కంప్యూటర్ గీస్తుంది. మార్కులు తప్పయితే దారీ తప్పే.

నేల మీద తేల్చేది కెమెరా ట్రాప్, అంటే జంతువు ముందు నుంచి వెళ్తే తనంతట తానే ఫొటో తీసే కెమెరా. కాలిబాటకు రెండు పక్కలా ఒక్కోటి, మోకాలి ఎత్తున, అంటే 40-45 సెంటీమీటర్ల దగ్గర కట్టాలి. పులికి కుడి చారలు, ఎడమ చారలు ఒకేలా ఉండవు. ఒక పక్క ఫొటోలే ఉంటే ఒక్క పులినే రెండుగా లెక్కేసే ప్రమాదముంది. రెండు కెమెరాలూ సరిగ్గా ఎదురెదురుగా ఉంటే ఒకదాని ఫ్లాష్ ఇంకోదాని ఫొటోను పాడుచేస్తుంది, కాస్త ఎడంగా జరపండి. ముందున్న గడ్డి కోయకపోతే గాలికి ఊగే గడ్డి ఫొటోలతోనే కార్డు నిండిపోతుంది.

సరిహద్దులో ఇంకో తిరకాసు: నేపాల్ సమయం మనకన్నా 15 నిమిషాలు ముందు. రెండు వైపుల కెమెరాలనూ ముందే ఒకే సమయానికి సరిచేయకపోతే పులి ఎప్పుడు దాటిందన్న లెక్క చెడుతుంది. కెమెరాలు ఒకే నెలల్లో పెట్టడం, చారల ఫొటోలు ఇచ్చిపుచ్చుకోవడం అంతకన్నా ముఖ్యం. 2012-13లో రెండు దేశాలూ కలిసి తెరాయ్ (హిమాలయాల దిగువ మైదానం) పులుల్ని లెక్కించింది ఇందుకే.

రెండు నెలలు ఒక్క పులీ పడలేదని దారి మూసుకుపోయిందనుకోకండి. తల్లిని విడిచి కొత్త చోటు వెతుక్కునే పడుచు పులులు ఎప్పుడో ఒకసారి దాటినా చాలు. ఈలోగా దుప్పుల పెంటికలు, గిట్టల గుర్తులు వెతకండి. తిండి లేని దారిలో పులి ఎక్కువసేపు ఆగదు.

ప్రశ్న: రోడ్డు కింద అండర్‌పాస్ కట్టినా జంతువులు రోడ్డు మీదికే వస్తున్నాయి. లోపం ఎక్కడ?

జవాబు: ముందు కంచె చూడండి. కెనడాలోని బాన్ఫ్ జాతీయ ఉద్యానంలో జంతువులు రోడ్డు దాటే దారులతో పాటు 2.4 మీటర్ల ఎత్తు కంచె వేశారు. కింది అంచును భూమిలో పూడ్చకపోతే తవ్వుకుని దూరతాయి. కంచె అడవి మధ్యలో ఆగిపోతే ఆ చివరి దగ్గరే ప్రమాదాలు పోగవుతాయి. కంచె దాటి రోడ్డు వైపు చిక్కిన జంతువు తిరిగి అడవిలోకి దూకేందుకు అక్కడక్కడా మట్టి దిబ్బలు కూడా కావాలి; ఖర్చు తగ్గించేటప్పుడు మొదట కోసేది వీటినే.

తర్వాత కొలతలు. అండర్‌పాస్ వెడల్పును ఎత్తుతో గుణించి పొడవుతో భాగించండి; వచ్చే అంకె ఎంత చిన్నదైతే దారి జంతువుకు అంత ఇరుకు సొరంగంలా కనిపిస్తుంది. 6 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు, 50 మీటర్ల పొడవైతే 0.48. అవతలి వెలుగు చిన్న చుక్కలా కనిపించే సొరంగంలోకి జింకలు దిగడానికి జంకుతాయి. మధ్య భారతంలోని పెంచ్ పులుల అడవి దగ్గర జాతీయ రహదారి 44 కింద 50 నుంచి 750 మీటర్ల వెడల్పున దారులు వదిలారు, పులులు వాటిని వాడుతున్నాయి. కొలత సరిపోయినా సరే, లోపల లారీలు ఆపినా, దీపాలు పెట్టినా, వానాకాలం నీళ్లు నిలిచినా ఆ దారి వృథా.

ప్రశ్న: కారిడార్ ఎంత వెడల్పుండాలి?

జవాబు: ఒకే అంకె ఎవరైనా చెబితే నమ్మకండి. పొడవు పెరిగేకొద్దీ వెడల్పూ పెరగాలి. పశువులు, కుక్కలు, దీపాల వెలుగు రెండంచుల నుంచీ లోపలికి చొచ్చుకొస్తాయి. సగటు వెడల్పు కాదు, అన్నిటికన్నా ఇరుకైన చోటు కొలవండి.