కటా స్టెప్పులు మర్చిపోతే కంగారొద్దు, ముందు ఆ మోకాలి సంగతి చూడండి

ప్రశ్న: నాకు 43 ఏళ్లు, ఖమ్మంలో ఉంటాం. మా అబ్బాయిని కరాటే క్లాసుకి దింపడానికి వెళ్లి వెళ్లి నేనూ చేరిపోయాను, నాలుగు నెలలైంది. షోటోకాన్ అనే కరాటే పద్ధతిలో మొదటి కటా (ఒక వరసలో చేసే స్టెప్పుల కూర్పు) హియాన్ షోడాన్, ఉన్నవి 21 స్టెప్పులే, అయినా సగంలో ఎటు తిరగాలో మర్చిపోతున్నా. పక్కన పదేళ్ల పిల్లలు ఠకఠకా చేసేస్తున్నారు. ఇది మతిమరుపుకి మొదలా? జ్ఞాపకశక్తికి ఏదైనా టాబ్లెట్ ఉందా? బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నా. క్లాసు మర్నాడు కుడి మోకాలు కొంచెం వాస్తుంది, మెడికల్ షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ వేసుకుంటే తగ్గిపోతుంది.

జవాబు: మతిమరుపు సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా. కొత్తగా నేర్చుకునే స్టెప్పులు మర్చిపోవడం జబ్బు కాదండీ, రోజూ వెళ్లే దారి తప్పుతుంటే, అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంటే అప్పుడు ఆలోచిద్దాం. టాబ్లెట్ ఏదీ అక్కర్లేదు.

నాకు గుబులు పుట్టించింది మీరు చివర్లో ఏదో మాటవరసకి అన్నట్టు రాసిన ఆ మోకాలు. మర్నాటికి వాపొస్తుందంటే లోపల నీరు చేరుతోందేమో అని అనుమానించాలి, అది మామూలు ఒళ్లునొప్పి కాదు. మీ కటాలో పై బ్లాకులు మూడు అయ్యాక, మళ్లీ మూడు పంచ్‌లు అయ్యాక, కియాయ్ అని అరిచి గిర్రున ముప్పావు చుట్టు తిరుగుతారు కదా, ఆ రెండుసార్లూ తిరిగేది కుడికాలి మీదే. ముందుకు వంగిన మోకాలు, దానిమీద ఒంటి బరువంతా, కింద గచ్చుకి అతుక్కుపోయిన ఉత్త పాదం. పాదం తిరక్కుండా ఒళ్లు తిరిగితే మెలి పడేది మోకాలికే, లోపల మెనిస్కస్ అనే మెత్త ఉంటుంది, నలభై దాటాక అది చిన్న మెలికకే చిరగొచ్చు. చూడకుండా అదే అని నేను చెప్పలేను. మోకాలి కీలు అరుగుదల మొదలై ఉండొచ్చు, లేదా మీ బీపీ మాత్రలో ఉన్న హైడ్రోక్లోరోథయజైడ్ కొందరిలో యూరిక్ యాసిడ్ పెంచుతుంది కాబట్టి గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్లలో చేరి వచ్చే వాపు) కూడా కావొచ్చు. ఇది చదివి బీపీ మాత్ర మానేయకండి బాబూ, అది ఇంకో తలనొప్పి.

ఇక ఆ డైక్లోఫెనాక్. మా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది చెప్పేది ఇదే, షాపు అబ్బాయి ఇచ్చాడు, తగ్గింది అని. తగ్గింది నొప్పండీ, జబ్బు కాదు, నొప్పి తెలీకపోయేసరికి మీరు మళ్లీ అదే కాలి మీద గిర్రున తిరుగుతున్నారు. పైగా మీరు వాడే బీపీ మందులో రెండు రకాలు ఉన్నాయి, వాటికి తోడు ఈ నొప్పి మాత్ర కూడా పడితే కిడ్నీల మీద దెబ్బ పడే ప్రమాదం ఉంది, బీపీ కూడా కంట్రోల్ తప్పొచ్చు, కడుపులో పుండ్ల సంగతి సరేసరి. ఎన్ని వేసుకున్నారో మీరు రాయలేదు, రాయలేదంటేనే నాకు అనుమానం. ఇవాళే ఆపేయండి. నొప్పుంటే పారాసెటమాల్ సరిపోవచ్చు, లివర్ ప్రాబ్లం, మద్యం అలవాటు లాంటివి ఉంటే మాత్రం అడక్కుండా అదీ వద్దు.

ఈ వారంలోనే ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించుకోండి, వేసుకున్న మాత్రల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లండి. నిలబడి తీసే ఎక్స్‌రే, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష), యూరిక్ యాసిడ్ చేయించమంటారేమో, ఎమ్మారై కావాలో వద్దో మోకాలు పట్టి చూశాక వాళ్లే చెప్తారు. మోకాలు మధ్యలో లాక్ అయిపోయి చాపలేకపోతే, ఎర్రగా వేడిగా అయ్యి జ్వరం వస్తే, పిక్క వాచి నొప్పి పెడితే వారం దాకా ఆగొద్దు, అదే రోజు వెళ్లాలి.

అప్పటిదాకా తిరిగే స్టెప్పులు, లోతు స్టాన్సులు (మోకాళ్లు బాగా వంచి నిలబడే భంగిమలు), దూకుళ్లు బంద్. చేతుల బ్లాకులు, పంచ్‌లు కుర్చీలో కూర్చుని చేసుకోండి, స్టెప్పుల వరస కూడా అలాగే గుర్తుంటుంది. డాక్టర్ ఓకే అన్నాక మాత్రం మాస్టర్‌కి ముందే చెప్పి స్టాన్స్ ఎత్తుగా, పొట్టిగా పెట్టుకోండి, మోకాలు లోపలికి వాలకుండా పాదం వేళ్ల వైపే చూడాలి, తిరిగేటప్పుడు బరువు తగ్గించి పాదాన్ని కూడా ఒంటితో పాటు తిప్పండి. పిల్లలంత కిందికి కూర్చోవాలని పంతం వద్దు, వాళ్ల మోకాళ్లకి పదేళ్లు, మీవాటికి 43.