ఒక్క తేదీకి మూడు కార్డులా?

కాకినాడ
ఆదివారం సాయంత్రం

అమ్మడూ,

నిన్న ఫోన్లో నువ్వడిగినదానికి అక్కడికక్కడే జవాబు చెప్పలేకపోయాను. ఓ పక్క కుక్కరు కూస్తోంది, మరో పక్క మీ పెదనాన్న కళ్ళజోడు కనపడలేదని ఇల్లంతా తిరుగుతున్నారు. పైగా అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే ఉత్తరం. ఈ రోజుల్లో ఉత్తరమేమిటే పెద్దమ్మా అని నవ్వుకుంటావు, నవ్వుకో.

నీ గొడవేమిటంటే, పుట్టినతేదీ వేస్తే ఫోన్లో యాప్ నీ టారో కార్డు జస్టిస్ అంది. నీ రూమ్మేటు కాగితం మీద కూడి జడ్జిమెంట్ అంది. ఇంకెవరో పదకొండంటే స్ట్రెంగ్త్ కదా అన్నారు. ఇందులో ఏది నిజం అని కదా?

టారో అంటే జోస్యానికి వాడే బొమ్మల పేక. అందులో సున్నా నుంచి ఇరవై ఒకటి దాకా అంకెలున్నవి పెద్ద కార్డులు, మిగతావి చిన్నవి. పుట్టినతేదీ కూడితే వచ్చే అంకె ఏ పెద్ద కార్డుదో అదే నీ కార్డంటారు. ముందు కూడిక చూడు. నువ్వు పుట్టింది 14 ఆగస్టు 2005. 14, 8, 2005 మూడూ కలిపితే 2027. అందులో అంకెలు కలిపితే 11, యాప్ లెక్కన పదకొండో కార్డు జస్టిస్. నీ రూమ్మేటు మొదటినుంచీ ఒక్కో అంకే కూడింది: 1, 4, 8, 2, 0, 0, 5. మొత్తం 20, ఇరవయ్యో కార్డు జడ్జిమెంట్. పద్ధతి మారింది, కార్డు మారింది. కానీ పదకొండుని కూడినా రెండే, ఇరవైని కూడినా రెండే. తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషం ఏ దారిన పోయినా మారదు కాబట్టి అంతే. హైస్కూలు లెక్క, మహిమేమీ లేదు.

ఇక పదకొండు జస్టిసా, స్ట్రెంగ్తా అన్నది. పాత ఫ్రెంచి పేకల్లో ఎనిమిది జస్టిస్, పదకొండు స్ట్రెంగ్త్. 1888లో లండన్‌లో గోల్డెన్ డాన్ అని ఒక రహస్య మండలి పెట్టారు. వాళ్ళు టారోలోని పెద్ద కార్డులకి రాశుల్ని, గ్రహాల్ని వరసగా తగిలించుకుంటూ పోయారు. ఎంపరర్ మేషం, హైరోఫాంట్ వృషభం, లవర్స్ మిథునం, చారియట్ కర్కాటకం. తర్వాత సింహం వంతు వచ్చేసరికి ఎనిమిదో కార్డు మీద చూస్తే త్రాసు పట్టుకున్న జస్టిస్! సింహం బొమ్మేమో పదకొండులో ఉంది, అక్కడికొచ్చేసరికి తుల వంతు. ఏం చేస్తారు, రెండిటినీ అటూ ఇటూ మార్చేశారు. 1909లో వెయిట్ అనే ఆయన కొత్త పేక వేయించినప్పుడు ఆ మార్పునే ఉంచాడు. నీ దగ్గరున్నది ఆ పేకే. కాబట్టి దాంతో చూసినంతకాలం నీ పదకొండు జస్టిస్. ఒక పేక పట్టుకుంటే దాని లెక్కలోనే ఉండు. పప్పు ఒకరింట్లో, పోపు ఇంకొకరింట్లో వేయించుకోకు.

అసలు చిక్కు మనకే ఉంది. మీ తాతయ్య పంచాంగం చూసేవారని నీకు తెలుసుగా. నేను 1997లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాల సంతలో నా మొదటి పేక కొన్నాను. డెబ్భై ఎనిమిది ఉండాల్సింది డెబ్భై ఏడే ఉన్నాయి. పోయినది నైన్ ఆఫ్ కప్స్, కోరిన కోరిక తీరుతుందని చెప్పే కార్డు! నా అదృష్టం అలా ఉండేది. అట్టముక్క మీద నేనే గీసి కలుపుకున్నాను. ఇంటికి తెచ్చి చూపిస్తే మీ తాతయ్య, "బొమ్మలేసి జోస్యం చెప్పేది చిలకలవాళ్ళు కదే" అన్నారు. అని ఊరుకోలేదు, సూర్యుడి డిగ్రీలు లెక్కగట్టారు. అప్పుడు తెలిసింది, ఈ కార్డుల వెనకున్న రాశిచక్రం వేరు, మన పంచాంగంలో రాశిచక్రం వేరు అని. వాళ్ళది సాయనం, అంటే వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే చోటునుంచి కొలిచేది. మనది నిరయణం, నక్షత్రాల్నిబట్టి కొలిచేది. రెండింటికీ మధ్య ఇప్పుడు సుమారు 24 డిగ్రీల తేడా. అందుకే మకరం వాళ్ళకి డిసెంబరు 22 ప్రాంతంలో మొదలైతే మనకి సంక్రాంతి దాకా రాదు.

నీ సంగతే తీసుకో. ఆగస్టు 14న వాళ్ళ లెక్కన సూర్యుడు సింహంలో ఉంటాడు, కార్డు స్ట్రెంగ్త్. మన లెక్కన ఇంకా కర్కాటకంలోనే ఉంటాడు, కార్డు చారియట్. పైగా మనం "నీ రాశేంటి" అంటే చెప్పేది చంద్రుడున్న రాశి, సూర్యుడిది కాదు. సంఖ్యాశాస్త్రంలోనూ ఇదే తంతు. మనవాళ్ళు ఒకటి సూర్యుడు, మూడు గురువు, ఎనిమిది శని అంటారు. టారోలో ఒకటి బుధుడు, మూడు శుక్రుడు, ఎనిమిది సింహరాశి. ఒకటి నుంచి తొమ్మిది దాకా గ్రహం కలిసేది ఒక్క రెండు దగ్గరే, రెండు చోట్లా చంద్రుడే.

ఇప్పుడు చూడు. ఎలా కూడినా నీకు మిగిలింది రెండు. రెండంటే హై ప్రీస్టెస్, ఆవిడ కాళ్ళ దగ్గర నెలవంక. రెండు చంద్రుడని మనమూ అంటాం, వాళ్ళూ అంటారు. మన లెక్కన నీ సూర్యుడున్నది కర్కాటకం, చంద్రుడి ఇల్లు. ఒళ్ళు జలదరించలేదూ? నాకూ రాస్తుంటే అనిపించింది. సరిగ్గా ఇక్కడే జాగ్రత్తగా ఉండాలమ్మా. నేనిప్పుడు మూడు వేర్వేరు లెక్కల్లోంచి నాకు పనికొచ్చే ముక్కలు ఏరి దండ గుచ్చాను. సింహం కావాలనుకుంటే సింహంతోనూ గుచ్చగలను. అరగంట టైమిస్తే ఏ తేదీకి ఏ కార్డైనా తగిలించగలను. ఇన్నేళ్ళలో నాకొచ్చిన విద్యల్లో అన్నిటికంటే సులువైనది అదే. దాన్ని చూసే జనం డబ్బులిస్తారు కూడా.

మరి ఈ అంకెలూ గ్రహాలూ ఎందుకంటావా? డెబ్భై ఎనిమిది కార్డులు గుర్తుండటానికి. కొక్కేలనుకో. బొమ్మ మర్చిపోయినప్పుడు అంకె పట్టుకుంటే దొరుకుతుంది. చిన్న కార్డులు నాలుగు రకాలు కదా: వాండ్స్ అంటే కర్రలు, కప్స్ అంటే గిన్నెలు, స్వోర్డ్స్ అంటే కత్తులు, పెంటకిల్స్ అంటే నాణేలు. వాటిలో అయిదులు నాలుగూ పక్కపక్కన పెట్టి చూడు: కర్రలతో కొట్లాట, ఒలికిపోయిన గిన్నెలు, కత్తులేరుకుని ఇకిలిస్తున్నవాడు, గుడి కిటికీ కింద మంచులో పోతున్న ఇద్దరు దరిద్రులు. నాలుగూ ఇబ్బందులే. మనకేమో అయిదుగురు ముత్తైదువలొస్తే గానీ శుభకార్యం కాదు! ఆ అయిదుని తెచ్చి ఇక్కడ పెట్టావంటే తప్పులో కాలేసినట్టే.

మొదట మాత్రం బొమ్మ. యాప్ తీసేయ్, పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకం కూడా మూడు నెలలు బీరువాలో పెట్టు. ఆ బొమ్మలన్నీ వేసింది పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆవిడ. అంతకుముందు పాత ఫ్రెంచి పేకల్లో చిన్న కార్డుల మీద ఊరికే ఆరు గిన్నెలో ఏడు కర్రలో ఉండేవి, మన పేకముక్కల్లాగే. ఈవిడ ఒక్కోదాని మీదా ఒక్కో కథ వేసింది. చేసిన చాకిరీకి ముట్టింది బహు స్వల్పమని ఆ ఏడాదే స్నేహితుడికి ఉత్తరం రాసుకుంది. పేక పేరులో అచ్చువేసినవాడున్నాడు, బొమ్మలు వేయించినవాడున్నాడు, ఆవిడ చాలాకాలం లేదు. కార్డు మూలన పాములా మెలితిరిగిన సంతకం మాత్రం ఉంటుంది, వెతుకు.

రోజుకి ఒక్క కార్డు తియ్యి. పొద్దున్న వద్దు, రాత్రి పడుకోబోయేముందు. పొద్దున్నే తీస్తే రోజంతా దాన్ని నిజం చేసే పనిలో పడతావు. రాత్రి తీస్తే అయిపోయిన రోజుని దాంతో పోల్చి చూస్తావు. నోటుబుక్కులో మూడు నాలుగు వాక్యాలు రాయి. "దీని అర్థం సమతుల్యత" లాంటివి రాయకు. ఏం కనిపిస్తే అది రాయి.

నాకు టెంపరెన్స్ అలాగే పట్టుబడింది. పుస్తకాల్లో దానికి నిగ్రహం, సమన్వయం అని ఏవేవో రాస్తారు, నా తలకెక్కేవి కావు. ఓ రోజు మీ అమ్మ నీకు పాలు చల్లారుస్తోంది, ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి, ఆ గ్లాసులోంచి ఈ గ్లాసులోకి. నువ్వేమో కాళ్ళు తపతపా కొడుతూ ఏడుస్తున్నావు. ఆ కార్డులో దేవత చేసేదీ అదే పని! అప్పట్నుంచీ ఆ కార్డొస్తే నేనడిగేది ఒక్కటే, "ఎవరి కోసం ఏది చల్లారుస్తున్నావు, వాళ్ళు ఆగలేకపోతున్నారా?" అని. ఫోర్ ఆఫ్ వాండ్స్ చూడు, నాలుగు గుంజలకి పూలదండలు, అటుపక్క చేతులెత్తిన ఇద్దరు. తెలుగువాళ్ళెవరైనా అది పెళ్ళిపందిరి అనే అంటారు. దానికి గోల్డెన్ డాన్ వాళ్ళిచ్చిన స్థానం మేషంలో ఆఖరి పది డిగ్రీలు, అధిపతి శుక్రుడు. మనమూ రాశిని పదేసి డిగ్రీల చొప్పున మూడు ముక్కలు చేస్తాం, దాన్ని ద్రేక్కాణం అంటాం. ఆ లెక్కన అక్కడ అధిపతి గురువు. గురుబలం లేనిదే మనకి పెళ్ళెక్కడవుతుందని నేను తెగ మురిసిపోయాను, మీ తాతయ్య మాత్రం "మళ్ళీ దండ గుచ్చుతున్నావు" అన్నారు.

ఆ పది డిగ్రీల ముచ్చట నీకు తర్వాత పనికొస్తుంది. నాలుగు రకాల్లోనూ రెండు నుంచి పది దాకా ఉన్న కార్డులు ముప్పై ఆరు. ఒక్కోదానికి పది డిగ్రీలిస్తే చక్రం పూర్తవుతుంది. త్రీ ఆఫ్ స్వోర్డ్స్ ఉంది చూశావా, వానలో గుండెకి మూడు కత్తులు గుచ్చుకున్నది? ఆ బొమ్మ ఆవిడ సొంతం కాదు. సోలా బుస్కా అనే పదిహేనో శతాబ్దపు ఇటలీ పేక ఫోటోలు 1907లో బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి, అందులో ఇలాంటి గుండే ఉంది. ఆ కార్డుకి ఇచ్చింది తులలో శని. శని తులలో ఉచ్చ, అంటే అక్కడ బాగా బలంగా ఉంటాడని మన పిల్లలకి కూడా తెలుసు. ఇది రెండు పద్ధతుల్లోనూ ఒకటే మాట. గుండెలో కత్తులేమిటి, ఉచ్చ ఏమిటి అని చాలా రోజులు తన్నుకున్నాను. మీ తాతయ్య చనిపోయిన నెలలో వరసగా రెండుసార్లు ఆ కార్డొచ్చింది. అప్పుడు గమనించాను, ఆ గుండెలోంచి ఒక్క చుక్క రక్తం కారట్లేదు, కత్తులు మూడూ లెక్కగా, సమంగా దిగి ఉన్నాయి. నేను నోటుబుక్కులో రాసుకున్నది ఇది: "జరగాల్సిన ఏడుపు, దాని టైములో." నీకు అది వేరేలా కనబడొచ్చు. నాది కాపీ కొట్టకు.

నీ పుట్టినరోజుకి ఆ ముప్పై ఆరులో వచ్చేది సెవెన్ ఆఫ్ వాండ్స్. మిట్ట మీద ఒకడు కర్ర పట్టుకుని కిందనుంచి వచ్చే ఆరు కర్రల్ని అడ్డుకుంటుంటాడు. అందరూ ధైర్యం, పట్టుదల అంటారు. వాడి కాళ్ళు చూడు. ఒక కాలికి బూటు, రెండో కాలికి ఇంకో రకం జోడు. హడావిడిగా ఏది దొరికితే అది తొడుక్కుని తగువుకి పరిగెత్తినట్టున్నాడు. మీ అమ్మ నిన్ను గురించి ఫోన్ చేసినప్పుడల్లా నాకు ఆ కాళ్ళే గుర్తొస్తాయి.

తిరగబడ్డ కార్డుల గురించి ఏడాది దాకా ఆలోచించకు. తిరగబడితే సరిచేసి పెట్టుకో, కొంపలేం మునగవు.

హాస్టల్లో పిల్లలకి చెబుతానన్నావు. చెప్పు, కానీ డబ్బు ముట్టుకోకు. డబ్బు తీసుకున్నాక "నాకేమీ తోచట్లేదు" అనడానికి నోరు రాదు, అనగలగాలి. ఆరోగ్యం, గర్భం, చావు, కోర్టు కేసు, పరీక్ష పాసవుతానా, ఈ ప్రశ్నలు తీసుకోకు. అక్కడ లేని మూడో మనిషి మనసులో ఏముందో కూడా చెప్పకు. "వాడు నన్ను చేసుకుంటాడా" అని వచ్చిన పిల్లని "ఇందులో నేను చూడకుండా వదిలేస్తున్నదేమిటి" అని మార్చి అడగమను. మార్చనంటే టీ తాగించి పంపెయ్.

ఇది నేను చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నది. మా ఆఫీసులో ఒకావిడ, ఇల్లు కొందామా అని అడిగింది. టవర్ వచ్చింది. అంకె పదహారు, గ్రహం కుజుడు, పిడుగు పడి మనుషులు తలకిందులుగా పడుతున్న బొమ్మ. నాకు అప్పటికి రెండేళ్ళ అనుభవం, నోరు ఊరుకోలేదు, "ఏదో కూలుతుంది" అనేశాను. ఆవిడ వారం రోజులు నిద్రపోలేదు. వాళ్ళాయన గుండెజబ్బు మనిషని నాకు తెలీదు. ఇల్లు మాట మర్చిపోయి ఆయన ఊపిరి లెక్కపెడుతూ కూర్చుందట రాత్రిళ్ళు. ఆయనకేమీ కాలేదు. కానీ ఆవిడ ఇప్పటికీ ఎక్కడైనా కనిపిస్తే నాతో మామూలుగా మాట్లాడదు. ఇప్పుడైతే బొమ్మ ఆవిడ ముందు పెట్టి, "ఇందులో నీకేం కనబడుతోంది" అని అడిగేదాన్ని. అడిగుంటే ఆయన సంగతి ఆవిడే చెప్పేది.

కార్డుకి రేపటి సంగతి తెలుసని నేను నమ్మను. ఈ మాట మీ తాతయ్యతో అంటే ఆయన పంచాంగం మూసి, "మరి రోజూ ఎందుకు తీస్తావే" అనేవారు. ఆయనకి సరైన జవాబు ఎప్పుడూ చెప్పలేకపోయాను.

దసరా సెలవులకి వచ్చేటప్పుడు నోటుబుక్కు తెచ్చుకో. పేక మర్చిపోయినా ఫరవాలేదు, నా పాతది ఉంది. టెంపరెన్స్ మీద కాఫీ మరక ఉంటుంది, నైన్ ఆఫ్ కప్స్ నా గీతల్లో చెంబుల్లా ఉంటాయి, నవ్వకూడదు.

మీ పెదనాన్న కళ్ళజోడు ఫ్రిజ్ మీద దొరికింది.

ఉంటాను,
పెద్దమ్మ