టెక్ సందేహాలు: గ్లైడర్‌లో ఢీ హెచ్చరిక పరికరం తక్కువలో దొరుకుతుందా?

ప్రశ్న: మాది బల్లార్షా. మా చెల్లెలు పుణె హడప్సర్‌లో గ్లైడర్ నడపడం నేర్చుకుంటోంది. దగ్గర్లోనే లోహెగావ్ విమానాశ్రయం. ఎదురొచ్చేవాటిని ముందే చెప్పే పరికరం తక్కువ ధరలో ఉందా? ఫోన్‌లో ఫ్లైట్ ట్రాకింగ్ యాప్ సరిపోదా?

జవాబు: యాప్‌ను నమ్ముకోవద్దని ఆమెకు ఇవాళే చెప్పండి. నేల మీది రిసీవర్లకు అందిన సమాచారం ఇంటర్నెట్ మీదుగా ఫోన్‌కు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. తానున్నట్టు రేడియోలో చెప్పే ట్రాన్స్‌పాండర్ అనే పరికరం లేని గ్లైడర్ చాలాసార్లు అందులో కనిపించదు. ఆమె ఎక్కువగా భయపడాల్సింది అదే థర్మల్‌లో (వేడిగాలి పైకి లేచే చోటులో) చుట్లు తిరిగే ఇంకో గ్లైడర్‌కే. తెల్లటి సన్నని రెక్కలు ఎదురుగా వస్తుంటే ఎంత మంచి కంటికైనా సులువుగా ఆనవు.

దీనికోసమే 2004లో స్విట్జర్లాండ్‌లో ఫ్లార్మ్ అనే ఢీ హెచ్చరిక పరికరం వచ్చింది. జీపీఎస్, గాలి పీడనం చూసి, రాబోయే కొన్ని సెకన్లలో తాను వెళ్లే దారిని లెక్కగట్టి రేడియోలో చెబుతుంది. అవతలి పరికరం ఆ దారిని తన దారితో పోల్చి, రెండూ కలిసేలా ఉంటేనే బీప్ కొడుతుంది. అందుకే ఒకే థర్మల్‌లో నలుగురు తిరుగుతున్నా ఊరికే మోగి విసిగించదు. ధర మాత్రం మన జేబుకు భారమే.

చవక దారి టీ-బీమ్ అనే చిన్న బోర్డు. కొన్ని వేల రూపాయల్లో వస్తుంది. జీపీఎస్, రేడియో అందులోనే ఉంటాయి. సాఫ్ట్‌ఆర్‌ఎఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. 868 మెగాహెర్ట్జ్ మోడల్ తీసుకుని, సెట్టింగుల్లో ఇండియా బ్యాండ్ పెట్టండి. మన దగ్గర 865–868 మెగాహెర్ట్జ్‌కు లైసెన్స్ అక్కర్లేదు. యాంటెన్నా బిగించకుండా ఆన్ చేయొద్దు, రేడియో చిప్ పాడైపోవచ్చు. కార్బన్ ఫైబర్, లోహం సిగ్నల్‌ను అడ్డుకుంటాయి కాబట్టి యాంటెన్నా వాటికి దూరంగా, నిలువుగా ఉండాలి. బ్లూటూత్‌తో ఫోన్‌లోని ఎక్స్‌సీసోర్ అనే గ్లైడర్ యాప్‌కు కలిపితే చుట్టుపక్కల గ్లైడర్లు తెరమీద కనిపిస్తాయి.

కానీ ఎదుటి గ్లైడర్‌లో పరికరం లేకపోతే మీ చెల్లెలి పరికరం దాన్ని పసిగట్టలేదు. ఆమె ఒక్కదానికే ఖరీదైనది కొనేకంటే, అక్కడ ఎగిరేవాళ్లంతా కలిసి ఒకే రకం పెట్టుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. ఫ్లార్మ్ సాఫ్ట్‌వేర్‌ను ఏటా అప్‌డేట్ చేయాల్సిందే. సొంతంగా చేసుకున్న బోర్డు దానితో కలుస్తుందో లేదో ముందు నేల మీదే చూసుకోవాలి. ఇన్‌స్ట్రక్టర్ ఒప్పుకోనిదే కాక్‌పిట్‌లో ఏదీ పెట్టొద్దు. పెట్టాక కూడా కళ్లు బయటే ఉండాలి.

ప్రశ్న: బరంపురంలో మా డాబా మీంచి విమానాల సిగ్నళ్లు పట్టొచ్చా? అదే పరికరం గ్లైడర్‌లో పనికొస్తుందా?

జవాబు: పట్టొచ్చు. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే రేడియో సిగ్నళ్లు పట్టే యూఎస్‌బీ స్టిక్, పాత ల్యాప్‌టాప్ చాలు. విమానాలు తామెక్కడున్నాయో చెబుతూ పంపే ఏడీఎస్-బీ సిగ్నల్ 1090 మెగాహెర్ట్జ్‌లో వస్తుంది, కాబట్టి యాంటెన్నా తీగను దాదాపు 6.9 సెంటీమీటర్లకు కత్తిరించి, ఇనప రేకు మీద నిలబెట్టండి. గ్లైడర్‌లో అయితే ఇది వినడానికే. మీరున్నట్టు ఎవరికీ చెప్పదు, ఏడీఎస్-బీ లేని గ్లైడర్‌ను చూపించదు.